పండగ పూట కాలిపోయిన రిలే

ఆ ఉదయం వెసెలిన్‌కు అప్పజెప్పిన పని ఒక్కటే: ఓవెన్‌లో ఉన్న చేపను కనిపెట్టుకుని ఉండటం. ఇంటి ఇలవేల్పు పునీత నికోలా పేరిట ఏటా చేసుకునే పండగ స్లావా కదా, భార్య స్మిల్యా తన తల్లిని వెంటబెట్టుకుని, పండగ రొట్టెకు దీవెన చేయించడానికి చర్చికి బయల్దేరింది. గుమ్మం దాటుతూ వేలు చూపించింది.

"ఓవెన్‌కి నువ్వు బిగించిన ఆ డబ్బా వల్ల చేప చెడిందో, సామాన్ల గదిలో నీ బల్ల, వైర్లు, తుక్కు అన్నీ సాయంత్రానికల్లా వీధిలో ఉంటాయి. అమ్మ ముందు నా పరువు తీయకు."

"అది డబ్బా కాదే, వేడిని హెచ్చుతగ్గుల్లేకుండా ఉంచే యంత్రం. నిశ్చింతగా వెళ్ళిరా."

వాళ్ళు వీధి మలుపు తిరిగారో లేదో, యంత్రం టప్పుమంది. కరెంటును కలిపి విడదీసే రిలే నల్లగా మాడి, ఓవెన్ చల్లబడిపోయింది. ఇంటర్నెట్‌లో వెతికి వెతికి పట్టుకున్న అతి చవక సరుకు మరి! ఇప్పుడు ఇంకోటి ఎక్కడ కొనాలి? ఇంటర్నెట్‌లో అయితే నెల పడుతుంది. పాత సామాన్ల సంతలో ఏది బతికుందో ఏది చచ్చిందో దేవుడికే తెలియాలి, పైగా అది ఆదివారాలే. మిగిలింది ఊళ్ళో దోబ్రివోయె నడిపే విడిభాగాల కొట్టు. ధర ఎక్కువని ఏడాదిగా వెసెలిన్ ఆ వైపు తొంగి కూడా చూడలేదు. ఇప్పుడు మొహమాటం పక్కనపెట్టి పరిగెత్తాడు.

కొట్టు మూసి ఉంది. పండగ పూట మామూలే అనుకుని, వెనకే ఉన్న ఇంటి తలుపు తట్టాడు. దోబ్రివోయె స్వయంగా తలుపు తీసి, గట్టిగా వాటేసుకున్నాడు.

"వెసెలిన్! మా స్లావా గుర్తుపెట్టుకుని వచ్చావా నాయనా! స్తమెనా, ఎవరొచ్చారో చూడవే!" అని భార్యను కేకేశాడు.

పునీత నికోలా ఆ ఇంటికీ ఇలవేల్పే. స్లావాకు ఎవరినీ పిలవరు, అభిమానం ఉన్నవాళ్ళు వాళ్ళంతట వాళ్ళే వస్తారు. అలా వచ్చినవాడు గుమ్మంలో నిలబడి రిలే ఉందా అని ఎలా అడుగుతాడు? వెసెలిన్ బూట్లు విప్పి లోపలికి నడిచాడు.

"మరి మీ ఇంటి పండగెప్పుడు? ఈసారి మేమూ వస్తాం" అన్నాడు దోబ్రివోయె.

"మాదా... మాది వసంతంలో, బాబాయ్" అనేశాడు. సాక్షాత్తూ నికోలా పటం ముందు నిలబడి, వెలిగే కొవ్వొత్తి సాక్షిగా ఆయన్నే కాదనేశాడు.

బల్ల దగ్గర అప్పటికే ఒక బట్టతలాయన, ఒక కళ్ళజోడాయన ఉన్నారు. తప్పు చేసి హెడ్మాస్టరు గదిలో కూర్చున్నవాళ్ళలా బిగుసుకుని, ఒక చెయ్యి జేబులోంచి తీయకుండా తింటున్నారు. స్తమెనా తీపి గోధుమలు పెట్టింది, రకియా అనే పండ్ల సారా పోసింది, సూప్ తెచ్చింది.

"తినండి బాబూ, ఊరందరికీ సరిపడా వండాను. ఇదిగో, చేప కూడా అయింది."

అంతలో ఫోను మోగింది. స్మిల్యా.

"దీవెన అయిపోయింది, బయల్దేరుతున్నాం. చేప ఎలా ఉంది?"

"బ్రహ్మాండంగా ఉంది" అన్నాడు వెసెలిన్, స్తమెనా చేతిలో పొగలు కక్కుతున్న చేపను చూస్తూ. ఆ పొద్దున అతను చెప్పిన నిజం అదొక్కటే. ఫోను పెట్టేసి, ఇక తట్టుకోలేక లేచాడు.

"క్షమించు బాబాయ్. నేను పండక్కి రాలేదు, రిలే కోసం వచ్చాను. ఇవాళ మా ఇంట్లోనూ స్లావాయే, ఓవెన్ చెడి చేప పచ్చిగానే ఉంది."

బట్టతలాయన జేబులోంచి గోరంత కాలిన ట్రాన్సిస్టర్ తీసి బల్ల మీద పెట్టాడు. కళ్ళజోడాయన దాని పక్కనే, కొత్తది కొనడానికి నమూనాగా తెచ్చుకున్న ఉబ్బిపోయిన కెపాసిటర్ పెట్టాడు. వెసెలిన్ సిగ్గుతో చచ్చిపోయాడు.

"కొట్టు వేసవిలోనే మూసేశాను" అన్నాడు దోబ్రివోయె నెమ్మదిగా. "మీరెవరూ రాకపోతే ఎవరికి అమ్మను? ఇప్పుడు మీరు కొనే చోటే నేనూ కొంటున్నా. నెల పడుతోంది."

"తిట్లు పండగయ్యాక తిడుదురు గానీ," అంది స్తమెనా, "ఈ చేప తినే మనుషులేరీ? నువ్వు పట్టుకుపో నాయనా. నీ పచ్చి చేప రేపు నాకు తెచ్చిపెట్టు."

స్మిల్యా తలుపు తీసేసరికి పచ్చి చేప బాల్కనీలో దాక్కుంది, కాల్చిన చేప బల్ల మీద కొలువుతీరింది. అత్తగారు ఒక ముక్క తిని, ఇంకో ముక్క అడిగి వేయించుకుంది.

"ఇంత చక్కగా కాల్చడం నాకే రాదు. అంతా ఆ యంత్రం మహిమేనా?"

"మరేమనుకున్నావమ్మా! మా ఆయన చేసిందే" అంది స్మిల్యా గర్వంగా. "పాపం, సామాన్ల గదిలో ఆయన బల్ల ఇరుకైపోయింది, పెద్దది కొనాలి."

"అయితే నాకూ ఒకటి బిగించు అల్లుడూ. ఆదివారం మా ఇంటికి చుట్టాలొస్తున్నారు."

"అలాగే అత్తయ్యా" అన్నాడు వెసెలిన్. ఆదివారం పూట స్తమెనా పిన్ని ఏం వండుతుందో కనుక్కోవాలనుకున్నాడు.