సులువు మీట నొక్కిన ఊరు

మరుపు అనే ప్రాచీన వ్యాధిని మానవజాతి ఎట్టకేలకు నిర్మూలించింది. ఆ శుభకార్యం గెర్రాబిన్ తీరంలో, సముద్రంలో మునిగేవారిని కాపాడే ప్రాణరక్షక సంఘం వారి రేకుల షెడ్డులో జరిగింది. (షెడ్డు తాళంచెవి ఎక్కడ పెట్టారో ఎవరికీ గుర్తులేక సభ కాస్త ఆలస్యమైంది. ఆ సంగతి నివేదికకు ఎక్కలేదు.)

విధానం జిల్లా జ్ఞాపకశక్తి పర్యవేక్షణాధికారి డెస్మండ్ థ్రప్ గారిది. తీరంలో కాపలా కాసే ప్రతి స్వచ్ఛంద సభ్యుడి ఫోనులోకీ నీటి ప్రమాదాల మీద ప్రశ్నల కార్డులు వస్తాయి. ప్రశ్న చదివి, జవాబు మనసులో చెప్పుకుని, కార్డు తిప్పాలి. ఆపైన మన జవాబు ఎలా ఉందో మనమే నిజాయితీగా ఒక మీట నొక్కాలి: మర్చిపోయాను, కష్టం, పర్లేదు, సులువు. మర్చిపోయిన కార్డు మర్నాడే తిరిగొస్తుంది. సులువన్నది నెలలు గడిచాక, మళ్ళీ సులువంటే ఏళ్ళు గడిచాక వస్తుంది. సరిగ్గా మర్చిపోబోయే వేళకు గుర్తుచేయడం ఇందులో కిటుకు. శాస్త్రానికి వంక పెట్టడానికేమీ లేదు. కాకపోతే అది రాసినవాళ్ళు గెర్రాబిన్ మనుషులను చూసి ఉండరు.

గెర్రాబిన్‌లో కష్టమని ఒప్పుకోవడమూ, బట్టల్లేకుండా అంగడికి పోవడమూ ఒకటే. చెయ్యి విరిగినవాణ్ణి పలకరిస్తే "ఏం పర్లేదు" అంటాడు. తుఫానుకు ఇంటి కప్పు లేచిపోతే "ఇప్పుడు గాలి బాగా ఆడుతోంది" అంటాడు. అలాంటి ఊరి చేతికి నాలుగు మీటలిచ్చి నిజం నొక్కమన్నారు. ఊరంతా సులువు నొక్కింది. ప్రశ్న చదవకముందే నొక్కినవారూ ఉన్నారు. (వీరికి వేగానికి విడిగా పతకం ఇచ్చారు.)

కాపలావాళ్ళలో కొరలీ పెటిఫర్ ఒక్కతే మర్చిపోయానని నొక్కేది. జవాబులో ఒక్క మాట తడబడినా ఆమె లెక్కలో తప్పే. "నీళ్ళలో తడబడితే ఇంకోసారి చెప్పుకునే వ్యవధి ఉంటుందా?" అనేది. అంచేత ఆమెకు దినదినమూ కార్డులే. బస్సు కోసం నిలబడ్డా అవే, పొయ్యిమీద బంగాళాదుంపలు ఉడుకుతున్నా అవే.

దాంతో మార్కుల పట్టికలో ఆమె అట్టడుగున తేలింది, "నిత్యం బోధించవలసిన సభ్యురాలు" అన్న బిరుదుతో. అట్టడుగువారిని నీటికి ఎడంగా ఉంచాలని నిబంధన. సంఘం అధ్యక్షుడు గార్త్ ఆమె కాపలా పసుపు చొక్కా తీసేసుకుని చేతికి పట్టకారు ఇచ్చాడు. సంఘం నిధికోసం ఆదివారాలు సాసేజీలు కాల్చి రొట్టెముక్కలో పెట్టి అమ్మే పొయ్యి ఇకమీదట ఆమెదే.

"ఇరవై ఏళ్ళ కాపలా నాది గార్త్! ఆ నీళ్ళు లేకపోతే నాకు ఆదివారమే లేదు," అంది కొరలీ.

"నాకు తెలీదా తల్లీ! ఒక్కసారి సులువని నొక్కి పారెయ్, పీడా పోతుంది. మా అమ్మాయి పళ్ళు తోముకుంటూ నొక్కేసింది."

"అబద్ధం నొక్కమంటావా?"

"అబద్ధమేమిటి? అది మర్యాద."

కొరలీ ఉల్లిపాయలు తరగడానికి కూర్చుంది. ఏడవదలచుకున్నవాళ్ళకు ఉల్లిపాయలంత మంచి సాకు ఇంకోటి లేదు.

వేసవి ముగిసేసరికి జిల్లాలోకెల్లా మరుపు లేని తీరం గెర్రాబినేనని తేలింది. బహుమతి ఇవ్వడానికి థ్రప్ గారే విచ్చేశారు. ప్రసంగించారు. ఎండ చురుక్కుమనడంతో ఈత దుస్తులు వేసుకుని, ఈతకు క్షేమమని పాతిన ఎర్ర పసుపు జెండాలకు అవతల, అలలు విరగని చోటు చూసి దిగారు. (నీళ్ళు నిమ్మళంగా కనిపించే చోటే లోపలికి లాగే పాయ ఉంటుందన్నది మూడో కార్డు. రాసింది వారే.)

పాయ ఆయన్ని లాగేసింది. ఆయన ఒడ్డుకేసి ఎదురీదసాగారు.

"ఎవరూ కంగారుపడొద్దు!" అని అరిచాడు గార్త్. "లాగే పాయ కార్డు ఎవరికి వచ్చిందీమధ్య?"

కాపలా వాళ్ళందరూ ఫోన్లు తీశారు.

"నాకు వచ్చే ఎన్నికలయ్యాక వస్తుందట."

"నాది మా బుడ్డోడి పెళ్ళినాటికి."

"పోనీ ముందే తెరుద్దామా?"

"వద్దురోయ్! గడువుకు ముందు తెరిస్తే మార్కులు పోతాయి."

ఈలోగా కొరలీ పట్టకారు విసిరికొట్టి, తేలే పలక చంకన పెట్టుకుని నీళ్ళలోకి పరుగెత్తింది. "ఎదురీదకయ్యా, చచ్చిపోతావ్! వెల్లకిలా తేలు! చెయ్యెత్తు!" అని కేకలు వేస్తూ, పాయ వెంటే పోయి ఆయన్ని పలకమీదికి లాక్కుంది. పక్కకు తిప్పి, విరిగే అలల మీదుగా ఒడ్డుకు చేర్చింది.

థ్రప్ గారు ఇసుకలో కూలబడి, తాగిన సముద్రాన్నంతా కక్కారు.

"ఎలా ఉంది డెస్మండ్?" అన్నాడు గార్త్.

"ఏం పర్లేదు," అన్నారాయన. తరవాత కొరలీ చేతులు రెండూ పట్టుకుని నిజంగానే ఏడ్చారు. "నీలాంటిదాన్ని ఆ పొయ్యి దగ్గర పెట్టిందెవరమ్మా?"

"మీరే."

"నేను కాదు, నిబంధన. నీకన్నీ వచ్చని కళ్ళారా చూశాను కదా, సులువని నొక్కు. ఈ క్షణమే చొక్కా ఇప్పిస్తాను."

"నొక్కితే కార్డులు రావు కదండీ. నిన్న చదివాను కాబట్టి ఇవాళ గుర్తొచ్చింది."

"రావు. హాయి కదూ!"

గార్త్ అప్పుడే చొక్కా పట్టుకొచ్చాడు. కొరలీ దాని వంక చూసింది. సముద్రం వంక చూసింది. ఆమెకు ఆ నీళ్ళంటే ప్రాణం. ఫోను అందుకుని, ఒక్కో కార్డే తిప్పుతూ, అన్నిటికీ సులువు నొక్కింది.

మరుసటి ఆదివారం పసుపు చొక్కాలో జెండాల మధ్య నిలబడింది. బస్సు కోసం ఆగినప్పుడు ఊరికే ఉండడం కొన్నాళ్ళు ఇబ్బందిగా ఉన్నా, మెల్లగా అలవాటు పడింది. థ్రప్ గారు నివేదికను సవరించి పైకి పంపారు: గెర్రాబిన్ తీరంలో మర్చిపోయేవారు ఇక ఒక్కరూ లేరు.