చివరి గడి

తణుకులో చింతలపాటి ఉమాకాంతం గారి కుటుంబం ఇంటి రౌటర్‌లోని ఎనిమిది మెగాబైట్ల మెమొరీలోకి కాపురం మార్చి మూడేళ్ళయింది. మొత్తం నూట ఇరవై ఎనిమిది గడులు. మధ్యలో గోడలుండవు, తలుపుల మీద పేర్లుండవు. ఎవరి వాటా ఎన్నో గడిలో మొదలై ఎంత దూరం సాగుతుందో జాబితాలో రాసి ఉంటుంది. ఆ జాబితాయే ఇల్లు.

మొదటి రెండు గడులూ ఆయన తల్లి అచ్చమాంబవి. కరెంటు రాగానే ముందు ఆవిడ లేచి మిగతావాళ్ళని లేపుతారు. తరవాతి నూట పాతికా ఉమాకాంతానివి. ఇంటిని నడిపే ప్రోగ్రాం ఆయనే. ఏడాదికోసారి ఆయన్ని చెరిపి కొత్త వెర్షన్ ఎక్కిస్తారు. ప్రతిసారీ కాస్త లావవుతారు. చివరి గడిలో భార్య హైమవతి ఉంటుంది. ఆమె ఎమ్మే మొదటి ఏడాది నోట్సు అక్కడే ఉంది. రెండో ఏడాదికి కొంచెం చోటు మిగిలింది. పరీక్షలు పదిహేను రోజుల్లో ఉన్నాయి.

ఈసారి వెర్షన్ పట్టకపోవడంతో హద్దులు తేల్చమని ఉమాకాంతం అర్జీ పెట్టుకున్నారు. సర్వేయరు ఖాసిం గారు వచ్చి, గడులు లెక్కపెట్టుకుంటూ చివరిదాకా నడిచారు.

"దీనికి జాబితాలో పేరు లేదండీ. ఎవరిది?"

"ఖాళీదేనండీ. మా ఆవిడ ఏవో కాగితాలు పెట్టుకుంటుంది. నాలో కలిపెయ్యండి."

"ఎమ్మేట! ఈ వయసులో ఎవరికి అప్పజెప్పాలో పాఠం," అన్నారు అచ్చమాంబ.

పేరు లేనిది పక్క వాటాలో కలుస్తుందని నిబంధన. కలిపాక చెరుపుతారు. హైమవతి కొంగు దోపుకుని అడ్డంగా నిలబడింది.

"పేరు లేకపోతే ఖాళీ అయిపోతుందా అన్నయ్యగారూ? ఖాళీ గడైతే ఆ చివర నుంచి ఈ చివరికి ఒకటే గుర్తు ఉండాలి కదా. తెరిచి చదవండి."

ఖాసిం గారు చదివారు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివారు. నోట్సుకి ముందు, ఈ రౌటర్ పెట్టెలోని వైఫై రేడియోని తయారైన రోజున కొలిచి రాసిన అంకెలున్నాయి. ఈ పెట్టెకి తప్ప మరోదానికి పనికిరావు, ఎక్కడా నకలు లేదు. అవి పోతే ఇంట్లోంచి ఒక్క మాటా సరిగ్గా బయటికి వెళ్ళదు.

"ఉమాకాంతం గారూ, మిమ్మల్ని ఇవాళ చెరిపినా రేపు ఇంకొకర్ని తెచ్చుకోవచ్చు. ఈవిడ పోతే తేలేం."

జాబితాలో ఎక్కించారు: హైమవతి, కొలతలు, నూట ఇరవై ఎనిమిదో గడి. పక్కన ముద్ర కొట్టారు: చదవడానికి మాత్రమే; చెరపరాదు, రాయరాదు. అచ్చమాంబకి కాపురానికొచ్చిన నాటి నుంచీ ఉన్న ముద్రే అది. ఆవిడ కోడలి తల నిమిరి, "ఇప్పుడు నా దానివయ్యావే," అన్నారు. ఉమాకాంతం సన్నపాటి వెర్షన్‌తో సర్దుకుని, కనిపించిన వాళ్ళందరికీ భార్య సంగతి చెప్పుకున్నారు.

పరీక్ష రోజున పక్క రౌటర్ సుభాషిణి తొంగి చూసింది.

"హాల్ టికెట్ వచ్చిందన్నావ్, వెళ్ళలేదేం హైమా?"

"రెండో ఏడాది ఒక్క పేజీ కూడా ఎక్కడం లేదొదినా. మొదటి ఏడాది మాత్రం ఎక్కడైనా అడుగు, అక్షరం పొల్లుపోదు." హైమవతి జాబితాలో తన వరుసని చెంగుతో తుడిచి మరీ చూపించింది. "ఇంక నన్నెవరూ చెరపలేరు."