సేనాపతి సరోజమ్మ కోట గెలిచిన కథ

పేరులో దప్ప మరెక్కడను సౌమ్యము కానరాని సౌమ్యనామ సంవత్సర గ్రీష్మమున, అనగా క్రీస్తుశకము పంతొమ్మిదివందల అరువదితొమ్మిదవ యేట, ప్రత్యేక తెలంగాణ నినాదములతో పట్నపు వీధులు దద్దరిల్లుచుండగా, కళాశాలలకు తాళములు పడి, బస్సులు డిపోలు విడువని ఆ దినములలో, ఉస్మాన్‌సాగరమునకు చేరువనున్న మొయినాబాదు గ్రామమున, షాబాదు బండలు పరచిన యొక వసారాయందు, ఏ పత్రికయు వ్రాయని ఘోరసంగ్రామ మొకటి జరిగెను. చెప్పెద వినుడు.

ఆ రణరంగమును బొగ్గుముక్కతో బండలపై గీసినవాడు చేవెళ్ల రైతుబిడ్డ జంగయ్య. పట్నములో తనతో ఒకే గదిలో నుండి చదువుకొను పేతురును చూచుటకు అతని యింటికి సైకిలుపై వచ్చి, పరీక్షలెప్పుడో తెలియని దిగులు మరచుటకై అతడొక యాటను కల్పించెను. ఆ యాటలో ఎవ్వరును తామై యుండరాదు. ఒక పాత్రను ధరించి, ఆ పాత్రవలె పలికి, పిదప ఐదు గవ్వలు వేయవలెను. పలుకు పాత్రకు తగకున్నచో గవ్వలు చేతికి రావు. ఐదును వెల్లకిల పడినచో, ఆ పాత్రకు గుర్తయిన చింతగింజ కోటద్వారమును దాటును. ఆ కోటను కాచు రాక్షసుడు కరాళదంష్ట్రుడు, జంగయ్యయే. తీర్పరియు జంగయ్యయే.

పేతురో, నలుగురిలో నోరు విప్పుటకు సిగ్గుపడు బక్కపలుచనివాడు. తరగతిలో పేరు పిలిచిన 'హాజరు' అనుటకైనను గొంతు పెగలనివాడు. అట్టివాడు చింతగింజను చేతబట్టినంతనే రాజకుమారుడు రణకేసరియై, కన్నులెర్రజేసి, మేఘగంభీరస్వరమున గర్జించెను:

"ఓరీ కరాళదంష్ట్రా, పర్వతశిఖరములను పిండిగావించిన నా బాహుదండములకు నీ కొయ్యతలుపు లడ్డమా? తెరువుము. తెరువకున్న నీ కోరలు నీవే యేరుకొందువు."

చూరులోని పిచ్చుకలు లేచి పారిపోయెను. గవ్వలు పడెను. మూడు వెల్లకిల, రెండు బోర్ల. అతడు మరల గర్జించెను, మరల ఓడెను. విచిత్రమేమనగా, ఓడినకొలది అతని వెన్ను నిటారగుచుండెను.

అంతలో ఎండుమిరపకాయల గంపను చంకనిడుకొని, పేతురు తల్లి సరోజమ్మ వసారాలో అడుగిడెను.

"లేవుండ్రి. తొడిమెలు తీసుకోవాలె," అనెను.

"జర ఆగవ్వా, కోట పడతలేదు," అని పేతురు వేడుకొనెను.

రాక్షసుడు యుక్తిపరుడు. "నువ్వు సుత ఆడవ్వా. రాణి జాగ ఖాళీగున్నది," అనెను.

"రాణి ఏం జేస్తది?"

"మహల్ల కూసుంటది. రాజకుమారుడు గెలవాలని మొక్కుతది."

"కూసునుడు నాతోని కాదు. ఫౌజు ఎవ్వల చేతిల ఉంటది?"

"సేనాపతి చేతిల."

"గట్లయితే నేను సేనాపతి." ఆమె గంప దించి చతికిలబడి, తన గుర్తుగా ఒక చింతగింజను తీసికొనెను.

"పేరు జెప్పాలె అవ్వా. మంచి వీరుని పేరు."

ఆమె యొకింత యోచించెను. పెండ్లియైన నాటినుండి ఊరివారికి ఆమె మారయ్య భార్య. కొడుకు పుట్టిన నాటినుండి పేతురవ్వ.

"సరోజమ్మ," అనెను. "ఊర్ల నన్ను ఆ పేరుతోని పిలిచెటోళ్లు లేరు. ఈడన్న పిలువుండ్రి."

రాక్షసుడు శిరము వంచి, "సేనాపతి సరోజమ్మా, యుద్ధమునకు రమ్ము," అని పలికెను.

అంతట ఆ వీరాంగన కొంగు నడుమునకు బిగించి, కోటవైపు చేయి చాచి యిట్లనెను:

"ఓరి రాక్షసుడా, నీ కోరలు జూసి జడిసెటోళ్లు వేరే ఉంటరు. కరువుల బాయి అడుగంటితే లోపల్కి దిగి నీళ్లు తోడిన చేతులివి. నీ తలుపెంత, నువ్వెంత. పక్కకు జరుగు."

"మాట బాగున్నది గని, గ్రాంథికంల లేదవ్వా," అని తీర్పరి నసిగెను.

"సేనాపతి దర్బార్ల మాట్లాడ్తలేదు, యుద్ధంల మాట్లాడ్తున్నది. గవ్వలియ్యి," అని పేతురు కంఠమెత్తి వాదించెను. ఈమారు చేత చింతగింజ లేకయే వాదించెను. జంగయ్య అతనిని వింతగా చూచి గవ్వలిచ్చెను.

ఆమె విసరెను. నాలుగు వెల్లకిల పడెను. ఐదవది దొర్లి, దొర్లి, రెండు బండల నడుమ సందులో ఇరుక్కొని, ఇటును అటును గాక నిటారుగా నిలిచెను. మువ్వురును దానిపైకి వంగి చూచిరి.

"చెల్లదు. మళ్ల ఎయ్యాలె," అనెను జంగయ్య.

సరోజమ్మ అరచేయి యెత్తి బండపై చెళ్లున చరచెను. గవ్వ వణకి, ఊగి, వెల్లకిల పడెను.

"ఇది తొండి అవ్వా."

"ఫౌజు దండెత్తి వస్తే నేల అదరదా?"

కరాళదంష్ట్రుడు చిక్కున పడెను. తాను కల్పించిన లోకపు ధర్మమునే తాను కాదనుట యెట్లు? గడ్డము గోకికొని, "అదుర్తది," అని యొప్పుకొనెను.

ఆమె చింతగింజను రెండు వ్రేళ్ల నడుమ పట్టి, నెమ్మదిగా ద్వారము దాటించెను. దాటించి, అవతల చూచి మొగము చిట్లించెను.

"కోట ఎనుక ఏమున్నది?"

"ఏం లేదవ్వా. ఆట గింతే."

"గింత కొట్లాడి వచ్చింది ఉత్త బండ జూసెటందుకా? బొగ్గియ్యి ఇటు."

సేనాపతి మోకాళ్లపై వంగి తరువాతి బండపై నదిని గీయనారంభించెను. దానిని దాటుటకు తెప్ప కట్టవలసినది తానేయని రాజకుమారుడును, కాదు తానేయని రాక్షసుడును వాదులాడజొచ్చిరి.

ఇట్లు చూరునకు మరలివచ్చిన పిచ్చుకలు సాక్షిగా, వ్రేలెడు వెడల్పైనను లేని బొగ్గుగీతను ఒక చింతగింజ దాటెను. దుర్భేద్యమైన కోట సరోజమ్మ వశమయ్యెను. ముల్లోకములును ఈ వార్త నెరుంగుగాక.