ముళ్ళపంది గవరయ్య వంతు

ఒక పెద్ద అడవిలో దేవుళ్ళు ఇద్దరు, గద్దె ఒకటి. ఉత్తరాన కొండమీది జంతువులు సూర్యుడికి మొక్కేవి. దక్షిణాన ఏటి ఒడ్డువి చంద్రుడికి మొక్కేవి. ఎవరి దేవుడు గొప్పంటూ తరాల తరబడి కొమ్ములు విరగ్గొట్టుకున్నాక, పెద్దలు కూర్చుని ఒక ఒప్పందం చేసుకున్నారు. ఐదేళ్ళు కొండవాళ్ళు ఏలాలి, ఐదేళ్ళు ఏటివాళ్ళు ఏలాలి.

కొండ తరపున ఎలుగుబంటి ఏలుబడి ముగిసింది. ఇక వంతు ఏటివాళ్ళది. ఆ మాట విన్న దగ్గర్నుంచి ముళ్ళపంది గవరయ్యకు కాలు నిలవలేదు. పాపం, వయసు మీద పడింది. ఈసారి గద్దె ఎక్కకపోతే ఇక ఈ జన్మకు లేదని అతనికి తెలుసు.

"చూస్తూ ఉండు పైడమ్మా, సాయంత్రానికల్లా నువ్వు పెద్దగారి పెళ్ళానివి," అన్నాడు భార్యతో.

"సరేలెండి, నేనూ వచ్చి చూస్తాను," అందావిడ.

సభకు పెద్ద తాబేలు కామయ్య. ఏటివాళ్ళలో ఎవరు కావాలని అడగ్గానే అందరూ నీటికుక్క పేరే చెప్పారు. వరదల్లో ఎవరి పిల్లలని చూడకుండా ఒడ్డుకు చేర్చిన మంచి జీవి అది. గవరయ్య గభాల్న లేచాడు.

"నీటికుక్క మంచిదే, కాదనను. కానీ మన వంతులో పోయినసారి ఏలింది తూర్పు ఒడ్డు. మళ్ళీ తూర్పు ఒడ్డేనా? పడమటి ఒడ్డువాళ్ళం చంద్రుడి బిడ్డలం కామా?"

"అందరం ఏటివాళ్ళమే కదయ్యా," అంది నీటికుక్క. కానీ అప్పటికే పడమటి ఒడ్డు హోరెత్తిపోతోంది. అది చేసేది లేక కూర్చుంది.

పడమటి ఒడ్డు నుంచి ఉడుము లేచింది.

"ఉడుమన్నా, నీది పున్నమికి ఉపవాసముండే శాఖ. మీ శాఖవాళ్ళు ఇప్పటికి రెండుసార్లు ఏలారు. అమావాస్యవాళ్ళం ఇంకా ఎన్నాళ్ళు ఆగాలి?" అన్నాడు గవరయ్య.

ఉడుంపట్టు అంటారు గానీ, ఆ మాటకు ఉడుమే పట్టు వదిలేసింది. అమావాస్య శాఖలోంచి కుందేలు లేస్తే, మీది ఇసుక రేవు, మాది రేగుపొదలు అన్నాడు. రేగుపొదల్లోంచి ముంగిస లేస్తే, మీ తాత ఒకప్పుడు ఏలాడు అన్నాడు. ఎండ నడినెత్తికొచ్చేసరికి ఇంతవరకూ గద్దె మొహం చూడని బొరియ ఒక్కటే మిగిలింది. అది గవరయ్యది.

"ఇంకెవరైనా ఉన్నారా?" అనడిగాడు కామయ్య. గవరయ్య అప్పటికే ముళ్ళు సర్దుకుని గద్దె వైపు నడుస్తున్నాడు.

"నేనున్నాను," అంది పైడమ్మ. "మా బొరియలో పెత్తనం పెళ్ళయిన నాటి నుంచీ ఈయనదే. పైగా అమావాస్య ఉపవాసమని చెప్పి ఈయన రెండు దుంపలు తింటారు. నేను పచ్చి మంచినీళ్ళు ముట్టను. వంతెవరిదో సభే చెప్పాలి."

గవరయ్య గద్దె ముందే ఆగి వెనక్కి తిరిగాడు. "ఒసే, మనిద్దరం ఒకటే కదే," అన్నాడు బతిమాలుతూ.

"పొద్దుటి నుంచీ అందరూ ఆ మాటే అన్నారు. మీరే ఒప్పుకోలేదు."

న్యాయమే కదా అని సభంతా తలలూపింది. పైడమ్మ వెళ్ళి గద్దె మీద కూర్చుంది.

"మరి నా వంతెప్పుడు కామయ్యా?" అన్నాడు గవరయ్య ఏడుపు గొంతుతో.

తాబేలు కళ్ళు మూసుకుని లెక్కవేసింది. "కొండవాళ్ళవి, ఒడ్డులవి, శాఖలవి, రేవులవి, బొరియలవి అన్నీ తిరిగి మళ్ళీ మీ బొరియకొచ్చేసరికి నూట అరవై ఏళ్ళు. నేనుంటాను. నీ సంగతే చెప్పలేను."

కాబట్టి నాయనలారా, సభలో న్యాయం మాట్లాడే ముందు, ఇంట్లోవాళ్ళు ఇంట్లోనే ఉన్నారో లేదో చూసుకోవాలి.