గిర్ని ముందర బర్రె

మంగళవారం పొద్దున్నే హీరాబాయి వేసుకున్న పథకం చిన్నదే. పదింటికి పట్నం నుంచి వచ్చే మేడం కంట పడకుండా పప్పు గిర్నిని మాయం చేయాలి.

గిర్ని తండా ఆడవాళ్ల సంఘానిది, సంఘానికి పెద్ద హీరాబాయి. పదకొండు మంది కలిసి చుట్టుపక్కల ఊళ్ల కందులు పప్పు ఆడిస్తారు. ప్యాకెట్లు కట్టే మిషన్ ఒకటి కొనుక్కుంటే బాన్సువాడ సేట్లు చెప్పిన ధరకల్లా తలూపే బాధ తప్పుతుంది. అందుకే అప్పు కోసం హైదరాబాదు సంస్థ ఒకదానికి దరఖాస్తు పెట్టారు; ఇవాళ వచ్చే మేడం అక్కడి మనిషే.

నిరుడు ఇలాగే ఇంకో సంస్థ సారు వచ్చాడు. గలగలా తిరుగుతున్న గిర్నినీ, ఒకే రంగు చీరల్లో ఉన్న ఆడవాళ్లనూ చూసి, "మీరు మంచిగనే ఉన్నరు కదా, మా సాయం లేనోళ్లకు" అని చెప్పి, చాయ్ తాగి వెళ్లిపోయాడు. ఆయన తాగిన ఆ చాయ్ హీరాబాయికి ఇప్పటికీ అరగలేదు.

"అక్కా, గా సారు ఊకెనే ఇచ్చెటోడు. గీ మేడం అప్పిచ్చెటామె. గిర్ని నడుస్తుందా లేదా అని సూడనీకే వస్తుంది," అంది సంఘం లెక్కలూ ఉత్తరాలూ చూసే మంజుల.

"పైసలిచ్చెటోళ్లు ఎవలైన మన ఆకలే సూస్తరు. నువ్వు డిగ్రీ సదివినవ్, నేను మనుషులను సదివిన. ఇగ నడువ్, గడ్డి పట్టు!"

గంటలో షెడ్డులోని గిర్ని మీద వరిగడ్డి వాము లేచింది. దాని ముందు హీరాబాయి బర్రె వెలిసింది. పప్పు బస్తాలు పదకొండిళ్ల మంచాల కిందికి దూరాయి. మొగుడు భిక్యాకు అరుగు మీద కూర్చుని దగ్గే పని పడింది.

రాజశ్రీ మేడం ఆటో దిగుతూనే అడిగింది. "మీ గిర్ని చూపిస్తారా?"

"గిర్ని యాడిది మేడం? ఇసుర్రాయే మాకు దిక్కు."

భిక్యా దగ్గాడు.

మేడం ఫోన్ తీసింది. "దరఖాస్తుతో గిర్ని ఫొటో పంపారుగా?"

ఇది తనను దొరకబట్టే ప్రశ్నేనని హీరాబాయికి అనుమానమొచ్చింది. "గదా... గది పక్క తండోళ్లది మేడం."

"అంటే, వేరేవాళ్ల మిషన్ చూపించి లోన్ అడిగారా?"

మంజుల నెత్తి పట్టుకుంది. సరిగ్గా అప్పుడే మహమ్మద్ నగర్ కాలువ కింద సేద్యం చేసే హరనాథబాబు ట్రాక్టర్ వచ్చి ఆగింది.

"ఏమ్మా హీరాబాయీ, నా పప్పు సిద్ధమేనా?"

హీరాబాయి కన్ను గీటింది. ఆయనకు అర్థం కాలేదు.

"ఏం పప్పు బాబుగారూ?"

"ఏం పప్పేంటమ్మా! మొన్న ఆరు బస్తాల కందులు దింపి వెళ్లాను గదా!"

"మా తాన కాదేమో, యాదికి తెచ్చుకోండ్రి."

"అమ్మో, ఆరు బస్తాలూ మింగేశారే! ఇప్పుడే పోలీస్ స్టేషన్‌కి పోతా!"

ఈసారి భిక్యాకు దగ్గు నిజంగానే వచ్చింది.

మేడం పెన్నుకు మూత పెట్టి ఆటో వైపు నడిచింది. హీరాబాయి అడ్డం ఉరికింది. "ఉన్నది మేడం! గిర్నున్నది! పప్పున్నది! గడ్డిల దాచినం!"

"ఇప్పుడే లేదన్నారు."

"గది అబద్ధం మేడం. గిది నిజం!"

బర్రెను లాగబోతే అది కదల్లేదు. పుట్టి బుద్ధెరిగాక ముందర అంత గడ్డి చూడలేదు మరి. భిక్యా తాడు లాగాడు, హరనాథబాబు తిట్టుకుంటూనే వెనక నుంచి నెట్టాడు. ఆడవాళ్లు గడ్డి పీకారు. స్విచ్ వేయగానే గిర్ని గర్జించి, మిగిలిన గడ్డినంతా మేడం జుట్టులోకి ఊదింది. పదకొండిళ్ల నుంచి బస్తాలు ఆడవాళ్ల నెత్తినెక్కి వచ్చాయి. తూకం వేస్తే హరనాథబాబుకు రావలసిన పప్పులో కిలో కూడా తగ్గలేదు.

"తప్పుగా అనుకోకమ్మా, నోరు జారాను," అన్నాడాయన నేల చూస్తూ.

మేడం తలలో గడ్డి ఏరుకుంటూ అడిగింది. "ఎవరింట్లో ఎంత దాచారో రాసుకున్నారా?"

"రాసుడెందుకు మేడం? మనోళ్లే కదా."

లోకం మొత్తాన్నీ అనుమానించే మనిషి ఆ మాట ఎంత మామూలుగా అందో చూసి, మేడం పెన్ను మూత మళ్లీ తీసింది. "మేం తాకట్టు అడగం. మేం చూసుకునేది ఈ నమ్మకమే."

పదిహేను రోజులకు ఉత్తరం వచ్చింది. మంజుల చదివింది. "లోన్ పాసైందక్కా! కింద ఒక్క షరతు పెట్టిండ్రు. గిర్ని షెడ్డుల బర్రెను కట్టొద్దంట."

అందరూ చప్పట్లు కొట్టారు. హీరాబాయి కళ్లు మాత్రం చిన్నవయ్యాయి.

"తాకట్టు వద్దని తియ్యగ చెప్పినప్పుడే అనుకున్న. మా బర్రె ముచ్చట గీళ్లకెందుకే? దాని మీదనే కన్ను పడ్డది!"

పొద్దు గూకేసరికి బర్రె మంజుల పెరట్లో గడ్డివాము వెనక ఉంది.