దాలయ్య శకటవాయు విజయము

తూర్పు సముద్ర తరంగఘోషచే వేకువకు ముందే మేల్కొనునదియు, ఉక్కుకొలుముల పొగచే వానమబ్బులకు సైతము నలుపు నేర్పునదియు, ఓడల కూతలచే దిగ్గజముల చెవులకు చిల్లులు పొడుచునదియు నగు విశాఖపట్టణ మహానగరమందు, రెండువేల సంవత్సరము దాటిన తొలినాళ్ల మండువేసవిలో, గుడ్లు పెట్టు చేపలకు అభయమిచ్చి సర్కారువారు సముద్రవేట నిలిపివేసిన కాలమున, ఫిషింగ్ హార్బరు వీథుల నేలిన మత్స్యశకట సారథియు షట్చక్రవర్తియు నగు దాలయ్యకు జన్మలో నెరుగని ఆపద యొకటి వచ్చిపడెను. అతని లారీ ఖాళీ అయ్యెను.

నవ్వకుడు, శ్రోతలారా! ఆ లారీ పుట్టినది మొదలు చేపలను, మంచుదిమ్మలను మోయుటే యెరుగును. ముందు రెండు, వెనుక జోడుజోడుగా నాలుగు, ఆరు టైర్లలోను తొంభై పౌండ్ల గాలి దట్టించుటయే దాని నిత్యవ్రతము. నిండు బరువుతో ఏనుగువలె నడచు ఆ రథము, బరువు దిగినంతనే మేకపిల్లవలె గంతులు వేయసాగెను. భార్యను ఎలమంచిలి పుట్టింట దింపబోయిన నాడు అట్టి గంతులలో నొకదానికి, ముందుసీటున కొలువైయున్న మహేశ్వరీదేవి శిరస్సు క్యాబిను కప్పుకు తగిలి టంగుమని మ్రోగెను. ఒడిలోని గిన్నెడు పప్పుచారు పట్టుచీర నభిషేకించెను. పుట్టింటి గుమ్మమున నిలిచి ఆ మానవతి భీషణ ప్రతిజ్ఞ చేసెను.

"ఇది లారీయా, రోకలా? నన్ను దంపీసినావు! కుదుపు లేకుండా తీసికెల్తానంటేనే రా. మల్లీ ఒక్కసారి ఎగరేసినావంటే అనకాపల్లిలో దిగిపోయి, బస్సెక్కి ఎనక్కొచ్చీస్తాను. తరవాత నీ ఇల్లు నువ్వే ఏలుకో!"

బస్సులో తేవచ్చును గదా అందురేమో. సొంత రథమున్న వీరుడు భార్యను బస్సులో తెచ్చుటయా? హార్బరులో తల యెత్తి తిరుగుటెట్లు? అట్లని ఊరకుండుటయు అతని వలన కాలేదు. ఆమె లేని ఇల్లు బావురుమనుచున్నది, వండుకొన్నది గొంతు దిగుట లేదు.

కావున బావమరిది ఎల్లారావును వెంటబెట్టుకొని, ఆటోనగరున వాయుదేవుని ఏజెంటనదగిన గవర్రాజు గాలిదుకాణము ముందు రథము నిలిపి, "ఖాళీ లారీకి ఎంత గాలుంచాల?" అని ధర్మసందేహము వెలిబుచ్చెను.

గవర్రాజు గాలిగొట్టమును గదవలె భుజమున వేసికొని గర్జించెను. "తొంభై! నిండుగుంటే తొంభై, ఖాళీగుంటే తొంభై! మా నాన్న కొట్టింది తొంభై, నాను కొడతన్నది తొంభై! అంతకి తగ్గితే ఈ సెయ్యి లెగదు!"

"ఆడి మాట ఇనకు బావా," అని ఎల్లారావు అడ్డుపడెను. "మా అప్ప కూకునేదెక్కడ? ముందు సీట్లో. మరి గాలి ఎక్కడ తియ్యాల? ముందు టైర్లలో! పరుపు మీద కూకున్నట్టుంటాది."

ఈ తర్కమునకు దాలయ్య ముగ్ధుడయ్యెను. ముందు టైర్ల గాలి బుసకొట్టుచు నింగి కెగసెను. అంత రథమెక్కి పరీక్షకై కదలగా, స్టీరింగు బండరాయివలె బిగుసుకొని మలుపు వద్ద మొరాయించెను. లారీ తిన్నగా పోతమ్మ టీకొట్టుపైకి దండెత్తెను. బల్లలపై నున్న యోధులు గ్లాసులతో సహా పలాయనము చిత్తగించిరి. బ్రేకుపై దాలయ్య దాదాపుగా నిలుచుండగా, టీ బాయిలరుకు జానెడు దూరమున శకటము నిలిచెను.

"నా కొట్టు మీదకి తోలతన్నావేటిరా, సచ్చినోడా!" అని పోతమ్మ శంఖారావము చేసెను.

ఆ తిట్లు చెవినబడని దాలయ్య క్రిందికి దిగి రథమును పరికించెను. ముందు టైర్లు ఇంజను క్రింద అప్పడములై యున్నవి. వెనుకవి గుమ్మడికాయలవలె బిగిసి, నడిమి భాగము మాత్రమే నేల కానించి నిలిచియున్నవి. అప్పుడతడు రెండు చేతులు నెత్తిన పెట్టుకొని కేక వేసెను.

"ఒరే ఎల్లారావూ! ఇంజనేటి దిగిపోనాదా? ముందే ఉంది! నాను దిగిపోనానా? ముందే ఉన్నాను! దిగిపోయినవి సేపలురా! సేపలుండేది ఎనక! ఎనక బరువు పోతే ముందు గాలి తీసీసినామురా!"

పిమ్మట ముందు టైర్లకు తొంభై తిరిగి పట్టాభిషిక్తమయ్యెను. వెనుక టైర్లతో సంగ్రామము మొదలయ్యెను. బయటి టైరు సులభముగ లొంగినది గాని, దాని చాటున దాగిన లోపలి టైరు గాలిమూతిని చేరుటకు చక్రపు కన్నములో మోచేతి దాక దూర్చవలసి వచ్చెను. దూరిన చేయి బయటికి రాక, ఎల్లారావు బావను నడుము పట్టి లాగెను. కొంత తీయుట, ఒక చుట్టు తిరుగుట, మరల కొంత తీయుట. ఎనభై కూలెను, డెబ్బై కూలెను. అరవై వద్ద లారీ గంతు మానెను. చూడజాలక గవర్రాజు అటు తిరిగి నిలుచుండియు, "జోడులో రెండిటికీ ఒకలాగే ఉంచండి. లేపోతే ఒకటే మోస్తాది, రెండోది ఊరికే తిరుగుతాది," అని గొణిగెను.

మరునాడు ఎలమంచిలిలో మహేశ్వరి లారీ యెక్కి, సంచి చంకలోనే యుంచుకొని, తలుపు పిడిపై చేయి వేసి కూర్చుండెను. మొదటి గుంతలో లారీ మెత్తగా నిట్టూర్చెను. రెండవదానిలో కొంచెము ఊగెను. అనకాపల్లి బస్టాండు రాగా, దిగునో దిగదో యని భయపడుచు అతడు ఓరగా చూచెను. "ఎలమంచిలి, ఎలమంచిలి" యని కండక్టరొకడు కిటికీ ప్రక్కనే అరచుచుండెను. ఆమె వినలేదు. నోరు తెరచి, మగని భుజముపై తల వాల్చి, గురక పెట్టుచు గాఢనిద్ర పోవుచుండెను.

హార్బరు చేరి ఇంటి ముందు నిలిచియు దాలయ్య ఇంజను ఆపలేదు. ఆపిన ఆమె లేచునని భయము. భుజము తిమ్మిరెక్కెను, ముక్కుపై ఈగ వాలెను. కదలలేదు. ఎల్లారావు గుమ్మము నుండి, "బావా, డీజిలు కాలిపోతంది!" అని అరవగా, దాలయ్య వ్రేలు పెదవిపై పెట్టుకొని కన్నులతోనే గద్దించెను.

జయము, జయము, వెనుక టైర్ల అరవై పౌండ్ల గాలికి జయము! సముద్రముపై ఒక్క పడవయు కదలని ఆ వేసవిలో, షట్చక్రవర్తి దాలయ్య ఒక నిండు గురకను గెలిచి ఇంటికి తెచ్చుకొనెను.