వాగు మింగిన డబ్బా

ఆ ఆదివారం జాగ్రఫీ టీచరు వేసుకున్న పథకం చాలా చిన్నది. బస్సులో సున్నపురాయి కొండల దాకా వెళ్ళాలి. ఒంటరిగా ఎక్కాలి. పైన పారే వాగు ఒక గోతిలో దూరి మాయమవుతుందంటారే, ఆ చోటు చూసి చీకటి పడేలోగా ఇంటికి రావాలి. సున్నపురాయిని నీళ్ళు కొద్దికొద్దిగా కరిగించి లోపల దారులు చేసుకుంటాయని, పైన దిగిన వాగే కొండ అడుగున ఊటగా బయటికొస్తుందని ఆమె ఏళ్ళ తరబడి పిల్లలకు చెబుతోంది. వారం కిందట ఇంట్లో కూరగాయలు తరుగుతూ అదే మాట అంటే అత్తగారు అడ్డం తగిలింది.

"నీళ్ళు అక్కడ దిగి ఇక్కడ తేలడం నువ్వు చూశావా?"

"పుస్తకంలో ఉంది అత్తయ్యా."

"పుస్తకం చూసిందా?"

ఆ ప్రశ్న టీచరును వారం రోజులు నిద్రపోనివ్వలేదు.

భర్త బీమా ఆఫీసులో క్లెయిములు చూస్తాడు. లోకంలో జనం ఎన్ని రకాలుగా జారిపడతారో, ఎన్ని రకాలుగా మునిగిపోతారో ఆయనకు ఫైళ్ళవారీగా తెలుసు. "వెళ్ళు, కాదనను. కానీ ఏ చిన్న తేడా వచ్చినా ఇదే ఆఖరిసారి. మళ్ళీ ఒంటరిగా అనే మాట ఎత్తకూడదు" అన్నాడు. ఆమె ఒప్పుకుంది. ఆయన అంతటితో ఊరుకోలేదు. బ్యాగులో అదనంగా ఒక జత రబ్బరు చెప్పులు పెట్టి, వాటికీ, టోపీకీ, నారింజరంగు టిఫిన్ డబ్బాకీ తన ఫోన్ నంబరు రాసిన స్టిక్కర్లు అంటించాడు.

"నేనేమన్నా పార్సిలునా అండీ?"

"పార్సిలైతే రసీదు ఇస్తారు" అన్నాడాయన, ఇంకో స్టిక్కరు ఊడదీస్తూ.

కొండ ఆమె ఊహించినట్టు లేదు. తెల్లటి బండల మీద ఎవరో దువ్వెనతో దువ్వినట్టు పొడవాటి గాట్లు. వాన చేసిన పని అని తెలిసినా, వేలు పెట్టి చూస్తే గానీ తృప్తి కలగలేదు. ఒక రాతిలో నత్తగుల్ల అచ్చు కనిపించింది. ఇంత ఎత్తుకు సముద్రం ఏ పని మీద వచ్చిందా అని అక్కడే కూర్చుండిపోయింది. ఫోనులో సిగ్నల్ లేదు. ఆ సంగతి గమనించే తీరిక ఆమెకూ లేదు.

చివరికి వాగు కనిపించింది. బుద్ధిగా పారుతూ వచ్చి, ఒక బండ కింది గోతిలోకి గటగటా దిగిపోతోంది. అవతల అంతా పొడినేల. టీచరు ఆ పక్కనే భోజనం ముగించి, ఖాళీ డబ్బాకు మూత బిగిస్తూ ఆగిపోయింది. కొండ లోపలికి తాను వెళ్ళలేదు. డబ్బా వెళ్ళగలదు.

వాగు డబ్బాను ఒకసారి గిరగిరా తిప్పి మింగేసింది. ఒక్కటే వస్తే ఏదో కొట్టుకొచ్చిందంటుంది అత్తగారు. అందుకని టోపీ కూడా వేసింది. ఆ తర్వాత రబ్బరు చెప్పు ఒకటి వేసింది. రెండోది బ్యాగులో దాచింది. జత కలిస్తే ఇక ఎవరూ కాదనలేరు. పని అయిపోయాక, దారిలో కనిపించిన ప్రతి గుహలోకీ తొంగిచూస్తూ తీరిగ్గా దిగడం మొదలుపెట్టింది.

కొండ అడుగున ఊట పక్కనే ఒక టీ కొట్టు ఉంది. కొట్టతను గ్లాసులు కడుగుతుంటే నారింజరంగు డబ్బా తేలుతూ వచ్చి చేతికి తగిలింది. స్టిక్కరు చూసి ఫోన్ చేశాడు.

"సార్, మీ డబ్బా ఊటలోంచి వచ్చింది."

భర్త కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "డబ్బాతో పాటు మనిషి?"

"ఇంకా రాలేదు సార్. ఉండండి, టోపీ వస్తోంది."

ఆయన తల్లిని వెంటబెట్టుకుని టాక్సీలో వచ్చేసరికి చెప్పు కూడా వచ్చేసింది. బస్సు దిగినవాళ్ళు దిగినట్టే ఊట చుట్టూ మూగారు. ఒకాయన తాడు తెచ్చాడు గానీ దేనికి కట్టాలో ఎవరికీ తెలియలేదు. తరవాత ఏం వస్తుందా అని అందరూ ఊట వైపే చూస్తున్నారు.

భర్త బల్ల మీద కూలబడ్డాడు. "ఒంటి చెప్పు వచ్చిందంటే అయిపోయినట్టే. నా ఫైళ్ళన్నీ ఇలాగే మొదలవుతాయి."

"నోర్ముయ్‌రా" అంది తల్లి. "పై నీళ్ళు వేరు, ఈ నీళ్ళు వేరు. అది పైన పడితే ఇక్కడెలా తేలుతుంది? నిక్షేపంగా ఉంది నీ పెళ్ళాం."

"మరి ఈ డబ్బా ఏంటమ్మా?"

"దార్లో ఎక్కడో జారవిడిచి ఉంటుంది. ఇంట్లో ఎన్ని గరిటెలు పోలేదు?"

అంత ధీమాగా అంటూనే ఆవిడ ఆ చెప్పును మాత్రం ఎవరు అడిగినా ఇవ్వలేదు.

పొద్దువాలుతుండగా టీచరు దిగివచ్చి, గుంపు వెనక నిలబడి ఒకాయన్ను అడిగింది. "ఏమైందండీ?"

"ఎవరో మేడమ్ పైన వాగులో పోయారంట. సామాన్లు ఒక్కొక్కటే వస్తున్నాయి."

"ఏవేవి వచ్చాయి?"

"డబ్బా, టోపీ, ఒక చెప్పు."

"మూడూ వచ్చాయా? ఏది ముందొచ్చింది? మధ్యలో ఎంతసేపు పట్టింది?"

ఆయన ఆమెను ఎగాదిగా చూశాడు. "ఒక మనిషి పోతే మీకు అదా సందేహం?"

ఆమె అప్పటికే జనాన్ని తోసుకుంటూ ముందుకు వెళ్ళింది. బ్యాగులోంచి రెండో చెప్పు తీసి, అత్తగారి చేతిలోని చెప్పు పక్కన పెట్టింది. "చూడండి అత్తయ్యా, జత. ఆ మూడూ పైన వాగులో నేనే వేశాను."

భర్త లేచాడు. ఆమె భుజాలు తడిమి చూశాడు, పొడిగానే ఉన్నాయి.  అప్పుడు అన్నాడు. "ఇదే ఆఖరిసారి."

టీచరు తల వంచుకుంది. మాట మాటే. నీళ్ళ సంగతి తేలింది గానీ, కొండ చేజారింది.

అత్తగారు కళ్ళు తుడుచుకుని, రెండు చెప్పుల్నీ తిరగేసి మరగేసి చూసింది. "ఆఖరిసారి ఏంట్రా? పైన వేశానంటోంది. వెయ్యడం నువ్వు చూశావా, నేను చూశానా? వచ్చే ఆదివారం నేనిచ్చిన వస్తువు పట్టుకెళ్ళి వెయ్యమను. నేనిక్కడే కూర్చుని చూస్తాను."

"మళ్ళీ ఒంటరిగానా అమ్మా? నేను తోడు వెళ్తాలే."

"నువ్వూ వెళితే మొగుడూ పెళ్ళాం కుమ్మక్కయ్యారంటాను."

మరుసటి ఆదివారం టీచరు ఒంటరిగానే కొండెక్కింది. కింద ఊట దగ్గర మాత్రం నిలబడడానికి చోటు లేదు.